ఇంట్లో కిట్ కారు తయారు చేసుకోవాలంటే ఎంతకాలం పడుతుంది?

కిట్ కారు అంటే విడిభాగాలుగా కొని మనమే బిగించుకునే కారు. దాన్ని కొనాలనుకునేవాళ్లు మొదట ధర అడుగుతారు, ఆ తర్వాత ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. ధర కంపెనీ చెప్పేస్తుంది. ఎన్నాళ్లన్నది మాత్రం ఎవరికి వాళ్లు లెక్క వేసుకోవాల్సిందే. ఒకే కిట్‌ను ఒకరు ఐదారు నెలల్లో రోడ్డెక్కిస్తారు, ఇంకొకరి షెడ్డులో అదే కిట్ ఐదేళ్లుగా దుమ్ము పట్టి ఉంటుంది. చేతి నైపుణ్యం వల్ల వచ్చే తేడా ఇందులో కొంతే. పని ఆగకుండా సాగిందా, మధ్యలో తెగిపోయిందా అన్నదే అసలు తేడా. ఈ వ్యాసమంతా ఆ దృష్టితోనే రాశాను.

కంపెనీ చెప్పే గంటల్లో ఏముంటుంది?

ఇంగ్లండ్‌కు చెందిన కేటర్‌హామ్ తన సెవెన్ కిట్‌కు సుమారు 80 నుంచి 100 గంటలు చాలంటుంది. అమెరికాలోని ఫ్యాక్టరీ ఫైవ్ తన రోడ్‌స్టర్ కిట్‌కు సుమారు 250 గంటలు చెబుతుంది. ఇవి అబద్ధాలు కావు. కాకపోతే ఈ గంటలు స్పానర్ తిరుగుతున్నంతసేపటికే వర్తిస్తాయి. మాన్యువల్‌లో పేజీ వెతుక్కోవడం, ఒక బోల్టు కోసం డబ్బాలన్నీ తిరగేయడం, రాని పార్టు కోసం ఎదురుచూడటం, తప్పుగా బిగించింది విప్పి మళ్లీ బిగించడం ఇందులో ఉండవు. రిజిస్ట్రేషన్ కూడా ఉండదు. పెయింట్ వేయాల్సిన కిట్ అయితే ఆ పని కూడా సాధారణంగా ఈ లెక్కకు బయటే ఉంటుంది.

ఈ రెండు కిట్లకూ మధ్య ఉన్న తేడాలోనే చాలా విషయం ఉంది. సెవెన్ ఛాసిస్ (కారు అడుగు చట్రం) అల్యూమినియం తొడుగులతో సహా తయారై వస్తుంది, కాబట్టి కొన్నవాళ్లకు బిగించే పనే ఎక్కువ. రోడ్‌స్టర్‌లో అల్యూమినియం షీట్లు కొన్నవాళ్లే డ్రిల్ చేసి రివెట్లు కొట్టాలి, ఫైబర్ బాడీని కూడా వాళ్లే సాపు చేసి పెయింట్‌కు సిద్ధం చేసుకోవాలి. కాబట్టి కిట్ ఎంచుకునేటప్పుడు ఎన్ని గంటలని అడిగి ఊరుకోకండి. ఛాసిస్ మీద షీట్లు బిగించి ఉంటాయా? వైరింగ్ రెడీగా వస్తుందా? బాడీకి రంగు వేసి ఇస్తారా? ఇంజిన్ కొత్తదా, పాత కారులోంచి తీయాలా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు తెలిస్తే సగం లెక్క తేలినట్టే.

ఇంకో రెండు రకాలున్నాయి. పాత కారు అడుగుభాగం మీద కొత్త బాడీ పెట్టుకునేవి మొదటి రకం. 1964లో బ్రూస్ మేయర్స్ తెచ్చిన మేయర్స్ మాంక్స్ బగ్గీతో ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఫ్లోర్‌ను 36 సెంటీమీటర్ల వరకు కోసి పొట్టిగా చేసి, దాని మీద ఫైబర్ బాడీ కూర్చోబెట్టేవాళ్లు. పార్టులు తక్కువే అయినా ఫ్లోర్ కోసి వెల్డింగ్ చేసే పని సరిగ్గా రావాలి. రెండో రకంలో ఇనుప ట్యూబులు కొనుక్కుని ఛాసిస్ కూడా ఇంట్లోనే వెల్డింగ్ చేసుకుంటారు. దానికి వెయ్యి గంటలు దాటడం మామూలే, మొదటిసారి చేసేవాళ్లకు నేను ఆ దారి చెప్పను.

ఒక చిన్న ముచ్చట. సెవెన్‌కు మూలమైన లోటస్ సెవెన్ 1957లో వచ్చింది. అప్పట్లో బ్రిటన్‌లో కారును విడిభాగాలుగా కొంటే కొనుగోలు పన్ను పడేది కాదు, కానీ బిగించే విధానం రాసిస్తే ఆ మినహాయింపు పోయేది. అందుకని లోటస్ వాళ్లు కారును విప్పే విధానం రాసిచ్చేవారని, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుని బిగించుకునేవారని చెబుతారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. సెవెన్ హక్కులు కేటర్‌హామ్ చేతికి వచ్చింది కూడా ఆ ఏడాదే.

మీ లెక్క మీరు వేసుకోండి

నేను చెప్పే పద్ధతి సులువైనది. కంపెనీ చెప్పిన గంటలను మొదటిసారి చేసేవాళ్లు ఒకటిన్నరతో హెచ్చవేయాలి. బాడీ, పెయింట్ పని సొంతంగా చేసేట్టయితే దానికి ఇంకో 100 గంటలు కలపాలి. పాత కారు విప్పి పార్టులు తీయాల్సి ఉంటే మరో 60 గంటలు వేసుకోవాలి. వచ్చిన మొత్తాన్ని వారానికి మీరు నిజంగా పెట్టగలిగే గంటలతో భాగించండి. ఏడాదికి 52 వారాలు లెక్కలోకి తీసుకోవద్దు. పండగలు, ప్రయాణాలు, జ్వరాలు, ఆఫీసు టెన్షన్లు పోగా 40 వారాలు దొరికితే గొప్పే.

ఉదాహరణకు 250 గంటల కిట్ తీసుకుందాం. ఒకటిన్నర రెట్లు అంటే 375. పెయింట్ పని కలిపితే 475. వారానికి 6 గంటలు పెడితే దాదాపు 79 వారాలు, అంటే ఏడాదికి 40 వారాల చొప్పున రెండేళ్లు. అదే వారానికి 10 గంటలు పెట్టగలిగితే ఏడాదీ రెండు మూడు నెలల్లో పూర్తవుతుంది. 100 గంటల కిట్ అయితే 150 గంటలు అనుకోండి. వారానికి 6 గంటలతో 25 వారాలు, మధ్యలో పోయే వారాలు కలుపుకుంటే ఏడెనిమిది నెలలు.

వారానికి ఎన్ని గంటలన్న దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. షెడ్డులోకి వెళ్లి, బట్టలు మార్చుకుని, మొన్న ఎక్కడ ఆపామో గుర్తు చేసుకుని పని మొదలుపెట్టేసరికి 20 నిమిషాలు అవుతుంది. చివర్లో సర్దుకోవడానికి, చేతులు కడుక్కోవడానికి ఇంకో 15 నిమిషాలు. గంటసేపు వెళ్తే దక్కేది 25 నిమిషాలే. అందుకని సెలవు రోజున మూడు నాలుగు గంటలు ఏకబిగిన పెట్టండి. మిగతా రోజుల్లో అరగంట దొరికితే ఆర్డర్లు పెట్టడం, మాన్యువల్ చదవడం, వైర్లకు లేబుళ్లు అతికించడం లాంటివి చేసుకోండి. పని ఆపే ముందు తర్వాత చేయాల్సిన మొదటి పని ఒక చీటీ మీద రాసి ఛాసిస్‌కు అంటించండి. ఇది తప్పకుండా చేయండి, ఎందుకంటే రెండు మూడు వారాలు గ్యాప్ వచ్చినా ఆ చీటీ చూసి నేరుగా పనిలోకి దిగొచ్చు. ఏం చేయాలో తోచక తలుపు వేసి వెనక్కి వచ్చిన రోజులే ఈ ప్రాజెక్టులను చంపేస్తాయి.

డబ్బు కట్టే ముందు రిజిస్ట్రేషన్ సంగతి

మీరున్న దేశంలో ఇంట్లో తయారు చేసిన కారును రోడ్డు మీదికి రానిస్తారా, రానిస్తే ఏ పరీక్ష పెడతారు అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. బ్రిటన్‌లో ఐవీఏ అనే, ఒక్కో వాహనాన్నీ విడిగా చూసి ఆమోదించే పరీక్ష ఉంది. అందులో చేతికో ఒంటికో తగిలే అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉన్నాయా అని కూడా కొలుస్తారు. కాలిఫోర్నియాలో పాత మోడల్ ఏడాది ప్రకారం పొగ పరీక్ష జరిగే వెసులుబాటు ఏటా 500 సొంత తయారీ వాహనాలకే ఇస్తారు, ఆ అవకాశం కోసం జనవరిలోనే పోటీ ఉంటుంది. ఇలాంటి నిబంధన ముందే తెలిస్తే దానికి తగ్గట్టే అద్దాలు, లైట్లు, స్టీరింగ్ వీల్ ఎంచుకుంటారు. చివర్లో తెలిస్తే బిగించింది విప్పాలి, పైగా నెలలు పోతాయి. కొన్న ప్రతి పార్టు బిల్లూ ఒకే ఫైల్లో పెట్టండి, ప్రతి దశలోనూ ఫొటోలు తీయండి. కారు మీరే తయారు చేశారని చూపించడానికి చాలాచోట్ల అవే సాక్ష్యం.

చోటు, పనిముట్లు

కారు చుట్టూ మనిషి తిరగగలిగేంత చోటు కావాలి, దానితో పాటు తీసిన బాడీ పెట్టుకోవడానికి ఇంకో చోటు కావాలి. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు. నాలుగు గట్టి జాక్ స్టాండ్లు, మంచి టార్క్ రెంచ్ (బోల్టును చెప్పినంత బలంతోనే బిగించే స్పానర్), సాకెట్ సెట్, డ్రిల్, రివెట్ గన్, మల్టీమీటర్, అగ్నిమాపక సిలిండర్ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఇంజిన్ ఎత్తే హాయిస్ట్ కొనక్కర్లేదు, రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోండి. లైట్లు మాత్రం ఎన్ని పెట్టినా తక్కువే.

డబ్బాలు వచ్చిన రోజు

ఆ రోజు చక్రాలు పెట్టి చూసుకోవాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. మొదటి ఒకటి రెండు సెలవు రోజులు పార్టుల లెక్కకే ఇవ్వండి. ప్యాకింగ్ లిస్టు పక్కన పెట్టుకుని ప్రతి బ్యాగూ విప్పి, లెక్కపెట్టి, నంబర్ రాసి, మళ్లీ మూసి అరలో పెట్టాలి. తక్కువ వచ్చినవీ విరిగినవీ అప్పుడే కంపెనీకి రాసి పంపాలి. ఫిర్యాదుకు గడువు ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత ఒక బ్రాకెట్ లేదంటే ఎవరూ పట్టించుకోరు. తర్వాత పంపుతామని కంపెనీ చెప్పిన పార్టులు ఏ పనికి అడ్డం పడతాయో కూడా ఈ రోజే చూసుకోండి. వెనక బ్రేకులు రెండు నెలల తర్వాత వస్తాయంటే ముందు స్టీరింగ్ పని పెట్టుకోవచ్చు. పని ఆగకపోవడమే ముఖ్యం.

పాత కారు నుంచి ఇంజిన్, గేర్ బాక్స్, స్టబ్ యాక్సిల్ లాంటివి తీసుకునే కిట్ అయితే విప్పే పని దీనికి ముందే ముగించండి. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేస్తే తెల్లారి చాలావరకు లొంగుతాయి. విప్పిన ప్రతి జతనూ వేరే కవర్లో వేసి పేరు రాయండి. వైరింగ్ విప్పేటప్పుడు ప్రతి ప్లగ్గుకూ లేబుల్ అంటించాకే కదపండి. పాత పార్టు శుభ్రం చేసి రంగు వేయడానికి పట్టే సమయం, కొత్త పార్టు బిగించడానికి పట్టే సమయం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఛాసిస్, సస్పెన్షన్, షీట్లు

సస్పెన్షన్ పని త్వరగా సాగుతుంది. రెండు మూడు సెలవు రోజుల్లో ముందు వెనక సస్పెన్షన్లు, స్టీరింగ్ ర్యాక్ బిగించేసి మంచి ఊపు మీద ఉంటారు. రబ్బరు బుష్‌లు ఉన్న చోట బోల్టులను ముందు చేత్తో బిగించి వదిలేయండి. కారు తన బరువు మీద నిలబడ్డాకే పూర్తి టార్క్ ఇవ్వాలి, లేకపోతే బుష్ మెలి తిరిగిన స్థితిలో ఉండిపోయి త్వరగా పాడవుతుంది. టార్క్ ఇచ్చిన ప్రతి బోల్టు మీదా పెయింట్ పెన్నుతో గీత గీయండి. నెలల తరబడి సాగే పనిలో దీన్ని బిగించానా లేదా అన్న అనుమానం రాకుండా ఉండాలంటే ఇదొక్కటే మార్గం.

షీట్ల పని దగ్గర వేగం తగ్గుతుంది. కాళ్లు పెట్టే చోటు పక్కన ఒక చిన్న అల్యూమినియం షీట్ తీసుకోండి, అరచేతులు రెండు కలిపినంత. ముందు పెట్టి చూడాలి, మూల తగిలితే ఆకురాయితో రుద్దాలి. అవతలి వైపు నుంచి ఛాసిస్ ట్యూబ్ ఎక్కడుందో మార్కర్‌తో గీయాలి. షీట్ కింద పెట్టి, గీతల మధ్యలో సమాన దూరంలో చుక్కలు పెట్టి, 3.2 మిల్లీమీటర్ల రివెట్‌కు 3.3 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రాలు చేయాలి. మళ్లీ ఛాసిస్ మీద పెట్టి మొదటి రంధ్రంలోంచి ట్యూబ్‌కు డ్రిల్ చేసి, షీట్ కదలకుండా క్లీకో క్లిప్ పెట్టి, ఎదురు మూలకు వెళ్లాలి. అన్ని రంధ్రాలూ అయ్యాక షీట్ తీసి, అంచుల్లో లేచిన ముళ్లను గీకి, లోహపు పొడి తుడిచి, ఇనుము అల్యూమినియం నేరుగా తగలకుండా సీలెంట్ పూసి, అప్పుడు రివెట్లు కొట్టాలి. పది నిమిషాల పనిలా కనిపించేది గంట తినేస్తుంది. ఇలాంటివి ఇరవై ముప్పై ఉంటాయి. ఒక్కో షీట్‌కు అన్ని దశలూ పూర్తి చేయకుండా, ముందు అన్నిటికీ రంధ్రాలు వేసి, తర్వాత అన్నీ ఒకేసారి పౌడర్ కోటింగ్‌కు పంపి, అవి వచ్చేలోపు ఇంకో పని చూసుకుంటే వారాలు మిగులుతాయి. లోపల పైపులు, వైర్లు పోయే చోట్ల షీట్లను మాత్రం శాశ్వతంగా బిగించేయకండి.

బ్రేకులు, పెట్రోలు పైపులు

ఇక్కడ తొందర పనికిరాదు. పైపు వంచేముందు పాత తీగతో వంపుల నమూనా చేసుకుంటే పైపు వృథా కాదు. చివర్లు ఫ్లేర్ చేయడం, అంటే జాయింట్‌లో కూర్చునేలా వెడల్పు చేయడం, ముందు ముక్క పైపు మీద నేర్చుకోండి. బ్రేకుల్లోంచి గాలి తీయడానికి ఇంకో మనిషి కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిపుల్ కొద్దిగా వదులు చేసి, బుడగలతో ద్రవం బయటికి వచ్చాక బిగించి, అప్పుడు పెడల్ వదలమనాలి. మాన్యువల్ వేరేగా చెప్పకపోతే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. డాట్ 4 ద్రవం గాలిలో తేమ పీల్చుకుంటుంది, పెయింట్‌ను తినేస్తుంది, కాబట్టి సీసా మూత తెరిచి వదలొద్దు. గాలి తీశాక పెడల్ గట్టిగా తొక్కి కొంతసేపు పట్టుకుని, ప్రతి జాయింటూ పొడి టిష్యూతో తుడిచి చూడండి. తడి కనిపిస్తే మళ్లీ బిగించాల్సిందే. దీనికి ఎన్ని రోజులు పట్టినా పట్టనివ్వండి.

ఇంజిన్, ఆ తర్వాత వైరింగ్

ఇంజిన్ ఎక్కించే రోజు సంబరంగా ఉంటుంది. మనుషులు ముగ్గురు ఉంటే ఒక పూటలో గేర్ బాక్స్‌తో సహా కూర్చుంటుంది. చూడ్డానికి కారు సగం పైగా అయిపోయినట్టు కనిపిస్తుంది. గంటల లెక్కలో మాత్రం అప్పటికి సగం కూడా కాదు. రేడియేటర్ గొట్టాలు, థ్రాటిల్, క్లచ్, ఎగ్జాస్ట్, పెట్రోలు కనెక్షన్లు ఒక్కోటీ ఒక్కో సాయంత్రం అడుగుతాయి.

వైరింగ్ అంటే చాలామందికి భయం. రెడీగా వచ్చే హార్నెస్ (వైర్లన్నీ కలిపి కట్టిన కట్ట) ఉంటే అంత భయం అక్కర్లేదు, కానీ సమయం ఇవ్వాలి. హార్నెస్‌ను ముందు నేల మీద పరిచి ఏ కొమ్మ ఎటు పోతుందో చూసుకోండి. తర్వాత ఛాసిస్ మీద తాత్కాలికంగా కట్టి, అన్నిటినీ కలిపి, పని చేస్తున్నాయని తేలాకే శాశ్వతంగా కట్టండి. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైట్ మసకగా వెలగడం లాంటి వింతలకు చాలావరకు ఎర్తే (కరెంటు ఛాసిస్ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే కనెక్షన్) కారణం. ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ ఉంటే ఎర్త్ బోల్టు కింద ఆ పూత కరెంటును ఆపేస్తుంది. అక్కడ మెరిసే లోహం కనిపించేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూయాలి. బ్యాటరీ మొదటిసారి కలిపేటప్పుడు ఫ్యూజులన్నీ తీసేసి, ఒక్కొక్కటీ పెడుతూ ఆ సర్క్యూట్ పరీక్షించుకుంటూ పోండి. ఒక సాయంత్రం పట్టే ఈ ఓపిక, కాలిపోయిన హార్నెస్ మార్చే నెల రోజులను మిగులుస్తుంది.

మొదటి స్టార్ట్

నూనె, నీళ్లు, పెట్రోలు లీకులు చూసుకోండి. ఇగ్నిషన్, పెట్రోలు సరఫరా రెండూ ఆపి, స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పండి. అప్పుడు ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. ఫ్లాట్ టాపెట్ క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) ఉన్న పాతతరం వీ8 ఇంజిన్ కొత్తగా కట్టినదైతే, స్టార్ట్ కాగానే ఐడిల్‌లో వదలకుండా 2,000 ఆర్‌పీఎం పైన 20 నిమిషాలు నడపాలి, లేకపోతే క్యామ్ అరిగిపోతుంది. అంతసేపు నడవాలంటే రేడియేటర్, ఫ్యాన్ ముందే సిద్ధంగా ఉండాలి కదా, అందుకే ఆ పనులు వాయిదా వేయకూడదు.

బాడీ పెట్టకుండానే, రోడ్డు మీద కాకుండా సొంత స్థలంలో, నెమ్మదిగా కొంచెం ముందుకూ వెనక్కూ నడిపి చూడండి. కారు కట్టేవాళ్లు దీన్ని గో కార్ట్ దశ అంటారు. బాడీ లేనప్పుడు పది నిమిషాల్లో సరిచేయగలిగే లీకు, బాడీ వచ్చాక సగం రోజు పని అవుతుంది. పైగా ఆ కాసేపు నడిపిన సంతోషం మిగతా నెలలకు సరిపడా ఊపునిస్తుంది.

బాడీ, పెయింట్

గంటల అంచనా ఎక్కువగా తలకిందులయ్యేది ఇక్కడే. డోర్లు, బానెట్, డిక్కీ మూతల సందులు సమానంగా రావడానికి ఒక్కో డోర్‌నూ ఎన్నోసార్లు పెట్టి తీయాలి. ఫైబర్ బాడీ మీద అచ్చు అతుకుల గీతలు రుద్దాలి, గుంటలు పుట్టీతో నింపాలి, ప్రైమర్ కొట్టి పొడవాటి బ్లాక్‌తో మళ్లీ రుద్దాలి. ఈ చుట్టు మూడు నాలుగు సార్లు తిరుగుతుంది. మొదట ఎండలో కొన్ని రోజులు ఉంచి రుద్దితే మేలు, ఫైబర్ తర్వాత కుంగి గీతలు పైకి తేలకుండా ఉంటుంది. దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, మంచి మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. ఆఖరి కోటు పెయింట్ మాత్రం బూత్ ఉన్న పెయింటర్‌కే ఇమ్మంటాను. అయితే అక్కడ క్యూ ఉంటుంది, కాబట్టి మీ బాడీ సిద్ధం కావడానికి రెండు మూడు నెలల ముందే తేదీ మాట్లాడి పెట్టుకోండి. బాడీ పెయింటర్ దగ్గర ఉన్నన్నాళ్లూ సీట్లు, కార్పెట్, డ్యాష్‌బోర్డ్ పనులు చేసుకోవచ్చు.

పరీక్ష, మొదటి కిలోమీటర్లు

అద్దం రబ్బర్లు, వైపర్లు, హారన్, నంబర్ ప్లేట్ లైటు, అంచుల రబ్బరు తొడుగులు లాంటివి చిన్న పనులే. జాబితా రాస్తే యాభై అరవై తేలతాయి. చాలా కార్లు ఆగిపోయేది ఈ జాబితా దగ్గరే, ఎందుకంటే ఏ ఒక్కటి చేసినా కారు రూపం మారినట్టు కనిపించదు. రోజుకు రెండు చొప్పున కొట్టేస్తూ పోతే నెలన్నరలోపు అయిపోతాయి. పరీక్షకు తేదీ ముందే తీసుకుంటే గడువు కూడా మిమ్మల్ని నడిపిస్తుంది. మొదటిసారే పాసవుతుందని అనుకోకుండా రెండో పరీక్షకు కూడా ఒక నెల లెక్కలో ఉంచండి.

పరీక్షకు ముందు వీల్ అలైన్‌మెంట్ చేయించండి. టేపుతో ఇంట్లో కొలిచింది వర్క్‌షాపు దాకా నడపడానికి సరిపోతుంది, అంతకుమించి నమ్మవద్దు. రోడ్డెక్కాక మొదటి 100 కిలోమీటర్లు ఇంటికి దగ్గర్లోనే తిరగండి, టూల్ బాక్స్ కారులో పెట్టుకోండి. కొత్త బ్రేక్ ప్యాడ్లు కుదురుకోవడానికి మధ్యస్థ వేగం నుంచి మెల్లగా పలుమార్లు ఆపండి. ఇంటికి వచ్చి కారు చల్లారాక వీల్ నట్లు, సస్పెన్షన్, స్టీరింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు అన్నిటికీ టార్క్ మళ్లీ చూడండి. మీరు గీసిన పెయింట్ గీత ఎక్కడైనా పక్కకు జరిగి ఉంటే ఆ బోల్టు వదులైనట్టే. 500 కిలోమీటర్ల దగ్గర ఇంకోసారి ఇదే పని చేసి, కొత్త ఇంజిన్ అయితే ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ఈ రెండు తనిఖీలకు పట్టే రెండు సెలవు రోజులను కూడా మొదటి లెక్కలోనే కలుపుకోండి.